గ్లోబు చెప్పిన దేశం

ఇస్త్రీ కొట్టు మీది రెండు గదులూ ఖాళీ పడి చాలా రోజులైంది. అంతకుముందు అక్కడ ఒక వయొలిన్ మాస్టారు అద్దెకుండేవాడు. కింద ఆవిరి పెట్టె బుస్సుమన్నప్పుడల్లా శిష్యులకు శ్రుతి చెదిరిపోతోందని ఆయన ఓపిక పట్టి పట్టి, చివరికి ఒక దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత గదులు చూడవచ్చిన వాళ్ళు కూడా మెట్లెక్కినంత వేగంగానే దిగిపోయారు.

కొట్టు యజమానురాలిని వీధంతా ఇస్త్రీ అక్క అంటారు. చెప్పిన టైముకి బట్టలివ్వడం ఆవిడకు ప్రతిష్ఠ. సాయంత్రం ఆరింటికన్నదంటే ఆరింటికల్లా మడతలు పెట్టి, కాగితం చుట్టి, దారం కట్టి బల్ల మీద ఉంచుతుంది. మనిషి ఆరుంపావుకి వస్తే ఆ పావుగంటా ఎక్కడ తిరిగారో కనుక్కుని మరీ ఇస్తుంది. ఆవిడ గొంతు నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. భర్త దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడితే పెదవి విప్పడు. కాలరు మీద పెట్టె నడుస్తున్నప్పుడు మాట్లాడితే మడత పడుతుందని ఆయన నమ్మకం. రోజంతా ఏదో ఒక కాలరు ఉండనే ఉంటుంది. అక్క తమ్ముడు ఆయన్ని బావా అని పిలుస్తాడు గనక వీధివాళ్ళకి కూడా ఆయన బావే.

ఆ తమ్ముడి పేరు గ్లోబు. అంటే అది జనం పెట్టిన పేరు. టాక్సీ నడుపుతాడు. ఊరి పొలిమేర దాటిన పాపాన పోలేదు గానీ, వెనక సీట్లో కూర్చుని వెళ్ళిన టూరిస్టులను బట్టి ప్రపంచంలోని దేశాలన్నిటినీ కాచి వడబోశాడు. ఫలానా దేశం వాళ్ళు డోరు ధడాలున వేస్తారని, ఫలానా దేశం వాళ్ళు దారి పొడుగునా మ్యాపు చూసుకుంటూ అనుమానపడతారని, ఫలానా దేశం ఆడవాళ్ళు ఎక్కగానే అద్దం దించుతారని వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతాడు.

"అక్కా, ఆ గదులు టూరిస్టులకిచ్చెయ్. ఫోన్లో ఫొటోలు పెడితే చాలు, వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు," అన్నాడు ఒక ఆదివారం.

"ముక్కూ మొహం తెలీని వాళ్ళని ఇంట్లో పెట్టుకోమంటావా?" అంది అక్క.

"హోటలు వాళ్ళు మాత్రం తెలిసే పెట్టుకుంటున్నారా?"

బావ తల్లి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వింటోంది. "పెట్టుకో అమ్మాయ్. మాట్లాడ్డానికి ఎవరో ఒకరుంటారు. వీడు ఎలాగూ మాట్లాడడు," అంది కొడుకు వైపు గడ్డం ఎత్తి చూపిస్తూ. అత్తగారికి కాస్త చెవుడు. తనకి వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకీ వినపడదని ఆవిడ లెక్క. ప్రతి మాటా కేక వేసే చెబుతుంది.

ఫొటోలు పెట్టారు. వారం తిరక్కుండానే ఒక భార్యాభర్తలు రెండు వారాలకి రెండు గదులూ తీసుకున్నారు. ఒకదాంట్లో పడుకుంటారట, రెండో దాంట్లో కూర్చుంటారట. ఏ దేశమో చూడగానే గ్లోబు మొహం గంభీరమైపోయింది.

"చలిదేశం వాళ్ళు," అన్నాడు. "కాస్త జాగ్రత్తగా విను అక్కా. వీళ్ళు మనలాంటి వాళ్ళు కాదు. టైమంటే ప్రాణమిస్తారు. ఎనిమిదన్నామా, ఎనిమిదే. చప్పుడు గిట్టదు. గట్టిగా మాట్లాడితే కొట్టుకుంటున్నామేమో అనుకుంటారు. ముట్టుకోకూడదు. పిల్లలెంతమంది, ఏం పని చేస్తారు, ఇలాంటివేవీ అడక్కూడదు. ఇంకోటి, నవ్వరు."

"నవ్వకపోవడమేంట్రా?"

"నవ్వరంతే. అక్కడ ఎండ ఉండదు."

"ఏం పని చేస్తారో అడక్కూడదంటే మరి తెలిసేదెలా?"

"అడగక్కర్లేదు. ఆ దేశంలో అందరూ ఇంజనీర్లే."

అక్క తమ్ముడి మాట సగమే నమ్మింది. కానీ మొదటిసారి ఇంటికి అతిథులు వస్తున్నారు, ఎందుకొచ్చిన గొడవ అనుకుని సగానికి సగం కలిపి మొత్తం పాటించింది. పొద్దున్నే ఆవిరి పెట్టె వాడొద్దని, బరువు పనంతా మధ్యాహ్నానికి మార్చుకోమని భర్తకి చెప్పింది. ఆయన తలూపాడు. రేడియో బీరువాలో పెట్టింది. మెట్ల మీద పాత దుప్పటి ముక్కలు పరిచింది.

"అత్తయ్యా, వాళ్ళున్నన్నాళ్ళు మీరు కాస్త మెల్లగా మాట్లాడాలి."

"నేనెప్పుడు గట్టిగా మాట్లాడాను?" అని అత్తగారు వీధి మలుపులో కూరగాయలబ్బాయి కూడా ఇటు తిరిగి చూసేలా అడిగింది.

వచ్చే రోజున గ్లోబు స్టేషనుకి వెళ్ళి వాళ్ళని తీసుకొచ్చాడు. కారు దిగినాయన తాటిచెట్టంత పొడుగు. వెంట ఉన్నావిడ పొట్టిగా, గుండ్రంగా, నెత్తిన ఊదారంగు ఊలు టోపీతో ఉంది. ఇంట్లో వాళ్ళకి వాళ్ళ పేర్లు నోరు తిరక్క, ఆ క్షణం నుంచే పొడుగాయన, టోపీ ఆవిడ అయిపోయారు.

పొడుగాయన గుమ్మం ముందు ఆగి, చన్నీళ్ళలో దూకబోయేవాడిలా ఒక్కసారి ఊపిరి పీల్చి, రెండు చేతులూ చాచి బావని గట్టిగా కావలించుకున్నాడు. బావ ఇస్త్రీ బల్లలా బిగుసుకుపోయాడు. టోపీ ఆవిడ అక్కని కావలించుకుని, అత్తగారిని కావలించుకుని, ఎందుకైనా మంచిదని పార్సిలు తీసుకోవడానికి వచ్చిన బడి గుమాస్తాను కూడా కావలించుకుంది.

అక్క తమ్ముడి వైపు చూసింది. గ్లోబు ఆకాశం వైపు చూశాడు.

"వందనములు. తమరి గృహమున అడుగిడుట మా భాగ్యము," అంది టోపీ ఆవిడ.

అందరూ గతుక్కుమన్నారు. ఆవిడ వాళ్ళ ఊళ్ళో రెండేళ్ళు సాయంత్రం క్లాసుకి వెళ్ళి ఇక్కడి భాష నేర్చుకుందట. నేర్పిన ముసలాయన పుస్తకంలో ఉన్నది తప్ప నోట్లో ఉన్నది నేర్పినట్టు లేదు. పొడుగాయనకి నాలుగైదు మాటలు మాత్రం వచ్చు. "చాలా బాగుంది" అన్నది వాటిలో ఒకటి.

అత్తగారు మాత్రం మురిసిపోయింది. తన జన్మలో ఎవరూ తనతో అంత మర్యాదగా మాట్లాడలేదు. "చూశావా అమ్మాయ్, ఎటులున్నారు అంది నన్ను. నువ్వెప్పుడైనా అన్నావా?" అని సాయంత్రం వంటింట్లో కోడల్ని నిలదీసింది. మెల్లగా మాట్లాడమన్నారని గుర్తొచ్చి, చివరి మాట మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అంది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి టిఫిను అని చెప్పింది అక్క. ఎనిమిదింటికల్లా బల్ల మీద గుడ్లు, రొట్టె, వేయించిన బంగాళాదుంపలు, పళ్ళ ముక్కలు సర్దింది. ఎనిమిదింపావైంది. ఎనిమిదిన్నరైంది. గుడ్లు చల్లారిపోయాయి. మేడ మీద అడుగుల చప్పుడు కూడా లేదు. అవతల కొట్టులో జనం వచ్చి నిలబడ్డారు. తొమ్మిది దాటాక ఇద్దరూ నీటుగా తల దువ్వుకుని, ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వుకుంటూ దిగారు.

"శుభోదయము," అంది టోపీ ఆవిడ. టైము ఊసే ఎత్తలేదు.

నవ్వరన్న వాళ్ళు నవ్వుతూ, ఆలస్యం చెయ్యరన్న వాళ్ళు గంటసేపు ఆలస్యం చేసి వచ్చి కూర్చుంటే అక్కకి ఒళ్ళు మండింది. అయినా లోపలికి వెళ్ళి గుడ్లు మళ్ళీ వేయించింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఇక తిండి సంగతి. పొడుగాయన పళ్ళెంలో మెతుకు మిగల్చలేదు. రొట్టె ముక్కతో పళ్ళెం తుడిచి మరీ తిన్నాడు. అయ్యో, సరిపోలేదేమో అనుకుని అక్క మర్నాడు ఇంకాస్త ఎక్కువ వడ్డించింది. అదీ ఊడ్చేశాడు. మూడో రోజు నుంచి మధ్యాహ్నం భోజనం కూడా పెట్టడం మొదలుపెట్టింది. ఎంత పెడితే అంతా ఖాళీ. పెట్టిన కొద్దీ ఆయన మొహంలో కళ తగ్గుతోంది గానీ, చెయ్యి మాత్రం ఆగడం లేదు. "చాలా బాగుంది," అంటూనే మింగుతున్నాడు.

"ఏం ఆకలండీ అది. వాళ్ళ దేశంలో తిండి దొరకదేమో," అంది అక్క భర్తతో.

బావ ప్యాంటు మడత సరిచేస్తూ, "నిన్న ఆయన చొక్కా బొత్తాం ఊడింది," అన్నాడు. ఆ రోజుకి ఆయన మాట్లాడింది అంతే.

గ్లోబు తన వంతు మర్యాదలు తను చేశాడు. కోటకి తీసుకెళ్ళాడు, చెరువు మీద పడవ ఎక్కించాడు, పాత మార్కెట్టు తిప్పాడు. ఇక్కడి డ్రైవర్లు పాటలు పాడతారని టూరిస్టులు ఆశపడతారని తెలుసు కనక దారంతా పాడాడు. నిజానికి వాడికి పాటంటే చిరాకు. వెనకనున్న ఇద్దరూ ప్రతి పాట చివరా చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే నొచ్చుకుంటాడేమోనని కొడుతున్నారని వాడికేం తెలుసు? చప్పట్లు కొడుతున్నారు కదా అని ఇంకోటి అందుకున్నాడు.

"నువ్వు చెప్పిందొక్కటీ నిజం కాలేదురా," అంది అక్క ఒక సాయంత్రం.

గ్లోబు కాసేపు ఆలోచించాడు. "వీళ్ళు ఆ దేశంలో దక్షిణం వైపు వాళ్ళయి ఉంటారు. దక్షిణం వైపు వాళ్ళు కాస్త తేడాగా ఉంటారు," అన్నాడు.

వారం గడిచింది. ఇల్లు ఇల్లులా లేదు. కొట్టులో అక్క ఖాతాదారులతో గుసగుసలాడుతోంది. ఏదో దాస్తోందని వాళ్ళు కూడా గుసగుసలాడుతున్నారు. మేడ మీద వాళ్ళు కూడా మొదటి రోజున్న హుషారు తగ్గి, మునివేళ్ళ మీద నడుస్తున్నారు. ఒకసారి అక్క తువ్వాళ్ళు ఇద్దామని పైకి వెళ్ళేసరికి టోపీ ఆవిడ కిటికీ దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. సొంత విషయాలు అడక్కూడదు కదా. అక్క తువ్వాళ్ళు కుర్చీ మీద పెట్టి, చప్పుడు చెయ్యకుండా దిగి వచ్చేసింది.

ఆదివారం కొట్టుకి సెలవు. ఆ రోజు అందరూ కలిసి భోంచేద్దామని అక్క పొద్దున్నుంచీ వంటింట్లోనే ఉంది. కోడికూర, చేపల వేపుడు, వంకాయ, పెరుగు, నేతిలో వేయించిన జీడిపప్పుతో తీపి. గ్లోబు కూడా వచ్చాడు. పొడుగాయన బల్ల మీద గిన్నెల వరస చూసి, కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు. కూర్చున్నాడు. తిన్నాడు. అక్క మళ్ళీ వేసింది. మళ్ళీ తిన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. తీపి రెండోసారి వడ్డించబోతే టోపీ ఆవిడ భర్త మోచెయ్యి పట్టుకుని వాళ్ళ భాషలో ఏదో అంది. ఆయన యుద్ధానికి వెళ్ళేవాడిలా తలెత్తి, పళ్ళెం ముందుకి జరిపాడు.

వాళ్ళు పైకి వెళ్ళిన కాసేపటికే మెట్ల మీద దబదబా అడుగులు వినిపించాయి. టోపీ ఆవిడ టోపీ లేకుండా వచ్చింది.

"అమ్మా, రక్షింపుడు. నా భర్త ఉదరమున మహాసంగ్రామము జరుగుచున్నది."

గ్లోబు పరుగెత్తుకెళ్ళి వీధి చివర ఉండే డాక్టరమ్మని తీసుకొచ్చాడు. ఆవిడ తెల్లకోట్లన్నీ అక్క దగ్గరికే వస్తాయి, అంచేత ఆదివారమైనా వచ్చింది. పొడుగాయన మంచానికి అడ్డంగా పడుకుని పైకప్పు చూస్తున్నాడు. కాళ్ళు మంచం దాటి కుర్చీ మీదున్నాయి. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది, నాలిక చూసింది, ఏమేం తిన్నారో అడిగింది. టోపీ ఆవిడ చెప్పుకుంటూ పోతుంటే డాక్టరమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

"జబ్బేం లేదు. ముగ్గురి భోజనం ఒక్కడే తిన్నాడు. ఈ మందు వేసి, రేపటిదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకండి," అంది. తర్వాత ఉండబట్టలేక, "అంత ఎందుకు తిన్నారండీ?" అని అడిగింది.

టోపీ ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని తలూపాడు.

"ఈ దేశమున అతిథి పళ్ళెములో ఏమైనను మిగిల్చినచో, గృహిణి హృదయము పగులునని మాకు చెప్పిరి."

అక్కకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "ఎవరు చెప్పారమ్మా?"

"మా వదినగారు. ఆమె ఒక పర్యాయము ఇచ్చటికి వచ్చి, ఆరు దినములు ఉండినది. ఈ దేశమును గూర్చి ఆమెకు సమస్తము తెలియును."

అంటే ప్రతి ఇంట్లోనూ ఒక గ్లోబు ఉంటాడన్న మాట, అనుకుంది అక్క. "మా ఇంట్లో పళ్ళెం ఖాళీ అయితే ఇంకా కావాలని అర్థమమ్మా. చాలనుకుంటే కాస్త వదిలేస్తాం. మీ ఆయన వదల్లేదని నేను వేస్తూ పోయాను. నేను ఆపలేదని ఆయన తింటూ పోయారు," అంది. "ఇంకా ఏం చెప్పింది మీ వదిన?"

టోపీ ఆవిడ వేళ్ళు మడుస్తూ చెప్పింది. కనిపించిన వాళ్ళనందరినీ కావలించుకోవాలి. పాడితే చప్పట్లు కొట్టాలి. చెప్పిన సమయానికి మాత్రం ఎన్నడూ వెళ్ళకూడదు. ఈ దేశంలో ఎవరికీ గడియారంతో పని లేదు, పాపం ఇంటావిడకి వంట పూర్తయి ఉండదు, కనక గంట ఆగి వెళ్ళడమే మర్యాద.

"అందుచేత మేము ప్రతిదినము ఏడు గంటలకే స్నానమాచరించి, పాదరక్షలు ధరించి, ఈ మంచముపై కూర్చొని యుందుము. నా భర్త గడియారము చూచుచు మిక్కిలి వ్యథ చెందును."

"ఏడింటి నుంచీ కూర్చుంటున్నారా?" అంది అక్క. వారం రోజులుగా అణిచిపెట్టిన గొంతు అప్పుడు తెగింది. "చెప్పులేసుకుని మంచం మీద కూర్చుంటున్నారా? నేను కింద ఎనిమిదింటి నుంచి గుడ్లు వేయించి, మళ్ళీ వేయించి, జనం కొట్టులో నిలబడి నన్ను తిడుతుంటే మీరు పైన రెడీ అయి కూర్చుంటున్నారా? నాకు వంట కాకపోవడమేంటమ్మా? ఈ వీధిలో నా మాట చూసి గడియారాలు సరిచేసుకుంటారు, ఎవర్నైనా అడగండి."

కిటికీ అద్దాలు అదిరాయి. గ్లోబు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కింద నుంచి అత్తగారు, "ఏమయిందే, పోయాడా?" అని అరిచింది.

 తర్వాత మంచం ఊగడం మొదలుపెట్టింది. పొడుగాయన నవ్వుతున్నాడు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని, "నొప్పి, నొప్పి," అంటూనే నవ్వుతున్నాడు. అక్క భాష ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఆ అరుపు ఆయనకి తెలిసిన అరుపే. డిపోలో అధికారి కూడా అచ్చం అలాగే అరిచేవాడని ఆయన అంటే టోపీ ఆవిడ అందరికీ చెప్పింది.

"డిపో ఏంటి?" అంది డాక్టరమ్మ. "మీ ఆయన ఏం పని చేస్తారు?"

"డాక్టరమ్మా, అలా అడక్కూడదు," అన్నాడు గ్లోబు చేతుల వెనక నుంచి.

"బస్సు నడుపును. ముప్పది సంవత్సరములు నడిపి, గత మాసముననే విరమించెను," అంది టోపీ ఆవిడ.

పొడుగాయన మంచం మీద లేచి కూర్చుని వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడాడు. భార్య ముక్క ముక్కగా చెప్పింది. ముప్పై ఏళ్ళు నిమిషానికి భయపడి బతికాడట. నిమిషం ఆలస్యమైతే స్టాపులో నిలబడ్డవాళ్ళు చేతి గడియారం చూపించేవాళ్ళట. రిటైరయ్యాక గడియారం లేని దేశానికి పోదామని పట్టుబట్టి ఇక్కడికి వచ్చాడట. తీరా వస్తే, గంట ఆలస్యంగా వెళ్ళాలని రోజూ గడియారం చూసుకోవాల్సి వచ్చిందట. ఆవిడ మటుకు చిన్నపిల్లలకి ఈత నేర్పుతుంది. కొలను ఈ చివర నుంచి ఆ చివరికి అరిచి అరిచి ఆవిడది పెద్ద గొంతు. ఈ దేశంలో ఇళ్ళు సందడిగా ఉంటాయని వదిన చెబితే సంబరపడి వచ్చింది.

"తీరా చూడగా, ఈ గృహమున ఎవరును మాట్లాడరు. రేడియో లేదు. మెట్లపై దుప్పట్లు. మా వలన ఏదియో అపచారము జరిగినదని, తమకు మేము గిట్టలేదని తలచితిని," అంది.

అక్క వెళ్ళి మంచం మీద ఆవిడ పక్కన కూర్చుంది. "నువ్వు కళ్ళు తుడుచుకుంటుంటే చూశానమ్మా. అడగాలని నోటిదాకా వచ్చింది. అడక్కూడదని వీడు చెప్పాడు," అని తమ్ముడి వైపు చూసింది. "ఒరేయ్, నువ్వు ఆ దేశం ఎన్నిసార్లు వెళ్ళావు?"

గ్లోబు నసిగాడు. "వెళ్ళడమంటే... వెనక సీట్లో చూశాను కదా."

"వెనక సీటు దేశమవుతుందా?"

డాక్టరమ్మ పెట్టె సర్దుకుంటూ, తనకి కూడా ఆ తీపి కాస్త కట్టిస్తే బాగుంటుందని చెప్పింది.

ఆ మర్నాటి నుంచి ఇల్లు మళ్ళీ ఇల్లయింది. ఎనిమిదింటికి ఇద్దరూ బల్ల దగ్గరుండేవాళ్ళు. రెండు రోజులు పోయాక పొడుగాయన ఒక పొద్దున నిజంగానే నిద్రపోయి తొమ్మిదింటికి వచ్చాడు. ఆయన మొహంలో ఆ సంతోషం చూసి అక్క ఏమీ అనలేకపోయింది, చల్లారిన గుడ్లే పెట్టింది. అవి ఆయన సగం వదిలేశాడు. ఆవిరి పెట్టె పొద్దున్నే బుస్సుమంది. ఆ చప్పుడు బస్సు తలుపులు తెరుచుకున్నట్టు ఉంటుందని పొడుగాయన బల్ల పక్కన స్టూలేసుకుని కూర్చునేవాడు. ఆయనా బావా గంటల తరబడి ఒక్క మాట లేకుండా గడిపేవాళ్ళు. ఇద్దరికీ అంత హాయిగా ఉన్న స్నేహం వీధిలో ఎవరూ చూడలేదు.

గ్లోబు పాటలు మానేశాడు. పొడుగాయనని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు లేని బ్రేకు నొక్కేది. మొదట గ్లోబుకి పౌరుషం వచ్చింది. తర్వాత ఇద్దరూ చేతులతోనే సైగలు చేసుకుంటూ మార్కెట్టు సందులో వెనక్కి ఎలా తీయాలో ఒక పూటంతా వాదించుకున్నారు. వాడు మారిపోయాడని మాత్రం చెప్పలేం. స్టాండులో తోటి డ్రైవర్లతో, "ఆ దేశంలో అందరూ బస్సు డ్రైవర్లేరా," అంటుంటే అక్క చెవులారా విన్నది.

అంతా నల్లేరు మీద బండిలా సాగిందనీ కాదు. ఒక సాయంత్రం కొట్టు ముందు జనం గుమిగూడారు. మర్నాడు ఏవో పెళ్ళిళ్ళు, అందరికీ తొందర. ఒకరి భుజం మీంచి ఒకరు సంచులు చాపుతున్నారు. టోపీ ఆవిడ ఆ పక్కనే నిలబడి చూస్తోంది.

"మా వదిన చెప్పినదొకటి సత్యమే. ఇచ్చటి ప్రజలకు వరుసలో నిలుచుట తెలియదు," అంది.

అక్క చేతిలో చీటీ కిందపడింది. "మా వాళ్ళకి తెలీకపోవడమేంటి? తొందరలో ఉన్నారంతే," అంటుండగానే ఒకాయన వెనక నుంచి మోచేత్తో తోసుకుని వచ్చి, సరిగ్గా అక్క మొహం ముందు సంచి పెట్టాడు.

టోపీ ఆవిడ స్టూలెక్కింది. ఈత కొలను అవతలి ఒడ్డున ఉన్న పిల్లల్ని పిలిచే గొంతు బయటికి తీసింది.

"మహాజనులారా, ఒకరి వెనుక ఒకరు నిలువుడు. త్రోసికొనవలదు."

జనం ఉలిక్కిపడ్డారు. పురాణంలో దేవత ప్రత్యక్షమైనా అంత త్వరగా సర్దుకునేవాళ్ళు కాదేమో. ఒక్క నిమిషంలో పాలబూత్ దాకా చక్కటి వరుస ఏర్పడింది. ఆ మోచేతి ఆయన అందరికంటే వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. పని సగం టైములో అయిపోయింది.

అయినా అక్క రాత్రి భోజనాల దాకా ముభావంగానే ఉంది. టోపీ ఆవిడ అది గమనించి వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"చూడమ్మా," అంది అక్క గిన్నెలు తుడుస్తూ. "వాళ్ళు తోసుకుంటారన్నది నిజమే. రోజూ నేనే తిడతాను. కానీ మీరంటే నాకెందుకో గుచ్చుకుంది."

టోపీ ఆవిడ తువ్వాలు అందుకుని పళ్ళేలు తుడవడం మొదలుపెట్టింది. "మా ఊరిలో వరుస ఉండును," అంది. "కాని ముందున్న ముసలమ్మ సంచి క్రిందపడినను, వరుస తప్పునని ఎవరును వంగి తీయరు. ఇది కూడ సత్యమే. ఈ మాట తమరు అనియుండినచో నాకును గుచ్చుకొనెడిది."

అక్క నవ్వింది. ఆవిడ తుడిచిన పళ్ళెంలో తడి ఉంటే మళ్ళీ తుడిచింది. దానికి టోపీ ఆవిడకి చిన్నగా కోపం వచ్చింది. ఆ కోపం ఆవిడ దాచుకోలేదు.

వెళ్ళే రోజు అందరూ స్టేషనుకి వెళ్ళారు. అత్తగారు కూడా పట్టుబట్టి కారెక్కింది. ప్లాట్‌ఫారం మీద సామాను దించాక, రైలు రెండు గంటలు ఆలస్యమని మైకులో చెప్పారు. గ్లోబు సిగ్గుతో చచ్చిపోయాడు. దేశం పరువు తనొక్కడి మీదే ఉన్నట్టు ఎంక్వయిరీ కిటికీ దగ్గరికి వెళ్ళి పోట్లాడి వచ్చాడు. పొడుగాయన మాత్రం బెంచీ మీద కాళ్ళు చాచుకుని వెనక్కి వాలాడు. ఆలస్యమైంది, నడిపేది తను కాదు. ఆయన జీవితంలో ఇదే మొదటిసారట.

అక్క కొట్టు మధ్యాహ్నం తెరవాలి. ఒకసారి లేచి నిలబడింది. టోపీ ఆవిడ అత్తగారికి ఈత గురించి చెబుతోంది. అత్తగారు ఈ వయసులో తను నేర్చుకోవచ్చా అని స్టేషనంతా వినపడేలా అడుగుతోంది. అక్క మళ్ళీ కూర్చుంది.

రైలు వచ్చింది. టోపీ ఆవిడ కావలించుకోవాలా వద్దా అని తటపటాయించి చెయ్యి చాపింది. అదే సమయానికి అక్క రెండు చేతులూ చాపింది. టోపీ ఆవిడ చేతులు చాపేసరికి అక్క చెయ్యి ఒకటి వెనక్కి తీసుకుంది. ఇద్దరూ నవ్వుకుని, ఎలాగో ఒకలా ఒకరినొకరు పట్టుకుని కాసేపు వదల్లేదు.

పొడుగాయన బావ ముందు నిలబడ్డాడు. బావ ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, మునివేళ్ళ మీద లేచి, ఆయన చొక్కా కాలరు ఒక పక్క ముడుచుకుని ఉంటే రెండు వేళ్ళతో సరిచేశాడు.

"ఇప్పుడు వెళ్ళు," అన్నాడు.

వాళ్ళు కొట్టు దగ్గరికి వచ్చేసరికి తెరిచే టైము ఎప్పుడో దాటిపోయింది, బడి గుమాస్తా మెట్టు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. అక్క ఏ సంజాయిషీ చెప్పకుండా తాళం తీసింది. ఇంతసేపూ ఎక్కడ తిరిగారని ఆయన కూడా అడగలేదు.